కళ్ళు మూసుకుని చెప్పిన చాడీ

మొన్న ఆదివారం మా చర్చిలో అందరి ముందు నిలబడి నా పరువు నేనే తీసుకున్నాను. చెప్తాను, కూర్చోండి. ముందు ఆ టీ తాగెయ్యండి, మధ్యలో నవ్వొస్తే పొలమారుద్ది. నవ్వు రాకపోయినా నేనేం అనుకోను. నాకైతే ఇంతవరకు రాలేదు.

పల్నాడు రోడ్డులో ఈ జాకెట్ల మిషను ముందు కూర్చుని ఎన్నేళ్ళయిందో మీకు తెలుసుగా? దాదాపు అన్నేళ్ళుగా మా సంఘంలో హాస్పిటల్ టీముకి లీడర్ని. శుక్రవారం మధ్యాహ్నం చర్చిలో ఉపవాస ప్రార్థన ఉంటుంది. అది అయ్యాక ఆరుగురం ఫ్లాస్కుల్లో రాగి జావ పోసుకుని పెద్దాసుపత్రికి వెళ్తాం. నా అనేవాళ్ళు దగ్గర లేని రోగులకి జావ తాగిస్తాం, దుప్పటి సరిచేస్తాం, వద్దనకపోతే ప్రార్థన చేస్తాం. ప్రార్థన మాత్రం నా డిపార్ట్‌మెంటు. గొంతు అలాంటిది మరి! వార్డులో ఈ చివర నేను మొదలుపెడితే ఆ చివర నిద్రపోయేవాళ్ళు లేచి కూర్చుంటారు.

ఆ ఆరుగురిలో సలోమి ఒకతి. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. శుక్రవారం పని మానుకుని మాతో వస్తుంది. ఆ ఘాటుకి వేళ్ళు ఎప్పుడూ మండుతుంటాయి. అందుకని రోగిని ముట్టుకునే ముందు చేతులు రెండు మూడు సార్లు సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసుకుని, మళ్ళీ కడుక్కుని వస్తుంది. పెద్దగా మాట్లాడదు. ఇంకొకడు ఏసోబు. మమ్మల్నీ ఫ్లాస్కుల్నీ మోసేది అతని ఆటోనే. అతను అసలే మాట్లాడడు.

నెల కిందట ఒక మంగళవారం, యల్లమందలో పెళ్ళికూతురి జాకెట్లు ఇచ్చి రావటానికి వెళ్ళాను. ఇచ్చేసి, బస్సు కోసం టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. కోటప్పకొండ గుడి వైపు నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. చూద్దును కదా, మన ఏసోబు ఆటో! దాని వెనక బైబిలు వాక్యం రాయించింది నేనే, ఎట్టా గుర్తుపట్టను?

ముందు ఏసోబు దిగాడు. నుదుటి మీద విభూతి. వెనక సీట్లోంచి సలోమి దిగింది. మొహాన ఇంత కుంకుమ బొట్టు, చేతిలో కొబ్బరి చిప్ప!

మీకిది వింతగా ఉండదు. కొండకెళ్ళారు, బొట్టు పెట్టుకున్నారు, అయితే ఏంది అంటారు. మాలో అట్లా కాదు. మేం బొట్టు పెట్టుకోం. మా టీములో మనిషి బొట్టుతో కొండ మీద నుంచి దిగిందంటే మాకు ఒకటే అర్థం. విశ్వాసం వదిలేసిందని. మీ ఇంట్లో ఆడపిల్ల అత్తారింటికెళ్ళాక పుట్టింటి పేరెత్తితేనే మొహం తిప్పుకుంటే ఎట్లా ఉంటుంది? నాకు అట్లా అనిపించింది. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. ఆ మాట కూడా చెప్పాలి.

సలోమి టీ కొట్టు అతన్ని అడిగి సీసాలో నీళ్ళు పట్టుకుంది. ఎండ పడకుండా ఆటోకి పక్కన పట్టా దించి ఉంది. నేను నాలుగడుగులు వేసి ఆ పట్టా పక్కకి జరిపి చూసినా, 'ఏమే సలోమీ' అని ఒక్క కేక వేసినా, ఈ కథే లేదు. నేనేం చేశాను? కొట్టు స్తంభం చాటుకి జరిగాను. చాటుకి జరిగి మరీ చూశాను! వాళ్ళు నన్ను చూడలేదు. ఆటో వెళ్ళిపోయింది.

శుక్రవారం దాకా మూడు రోజులు మిషను మీద కూర్చున్నా అదే ధ్యాస. ఒక జాకెట్టుకి కుడి చెయ్యి ఎడమకి, ఎడమ చెయ్యి కుడికి కుట్టాను. ఆ జాకెట్టు ఎవరిదో అడగొద్దు, ఆమె ఇక్కడే టీ తాగుతోంది.

'పిలిచి అడగొచ్చుగా' అంటారు. అడగొచ్చు. సలోమి వాళ్ళిల్లు మా వీధికి రెండు వీధులవతల. కానీ నిజం చెప్తున్నా, అడగాలనిపించలేదు. అడిగితే ఏదో ఒక కారణం చెప్తుంది. ఆ కారణం సరైనదైతే నా కోపాన్ని నేనేం చేసుకోవాలి?

ఇక్కడ మా ప్రార్థనల్లో ఉన్న ఒక సౌకర్యం మీకు చెప్పాలి. మనిషి మొహం మీద అనలేని మాట దేవుడితో అనొచ్చు. కళ్ళు మూసుకుని, గొంతు పెంచి, పేరు చెప్పకుండా. ఆయన విన్నాడో లేదో తెలియదుగానీ పక్క చాప మీద కూర్చున్నవాళ్ళు వింటారు. మా దీనమ్మత్త ఏడాదిపాటు 'ప్రభువా, కొందరు కోడళ్ళకి ఆరింటికల్లా లేచే మనసు దయచెయ్యి' అని ప్రార్థన చేసింది. పక్కనే కూర్చున్న కోడలు ఊరుకుంటుందా? తన వంతు వచ్చినప్పుడు 'ప్రభువా, కొందరు అత్తలకి మౌనం అనే వరం ఇయ్యి' అంది. అందరం ఆమెన్ అన్నాం. దెబ్బలాట లేదు, కేకల్లేవు, అంతా భక్తే!

ఆ శుక్రవారం ప్రార్థన నడిపించే వంతు నాది. హాలు నిండా చాపలు, చాపల నిండా మనుషులు. సలోమి రెండో వరసలో కూర్చుంది. మొహం కడిగిన ముత్యంలా ఉంది. బొట్టు లేదు. అది చూసి నాకు ఇంకా మండింది. 'ఎంత నటన!' అనుకున్నాను.

కళ్ళు మూసుకున్నాను. 'ప్రేమగల తండ్రీ! నీ సేవ చేస్తామని ముందుకొచ్చి నీకు వెన్ను చూపిన వాళ్ళని జ్ఞాపకం చేసుకో!' అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా సలోమి అంది. నేను ఇంకా రెచ్చిపోయాను. 'మంచాల దగ్గర నీ పేరు చెప్పి, కొండ దగ్గర నుదురు అప్పగించినవాళ్ళ కళ్ళు తెరువు తండ్రీ!' ఈసారి ఆమెన్‌లు కొంచెం తగ్గాయి. అక్కడితో ఆపొచ్చుగా? ఆపలేదు. 'వాళ్ళు ఆటోలో పోయినా నీకు మరుగై ఉన్నారా ప్రభువా!'

ఆటో అన్న మాటకి ఒక్క ఆమెన్ కూడా రాలేదు. మా టీములో ఆటో ఉన్నది ఒక్కడికేగా. నేను ఒక కన్ను కొంచెం తెరిచి చూశాను. అందరూ రెండు కళ్ళూ తెరిచే ఉన్నారు. కొందరు ఏసోబు వైపు, కొందరు సలోమి వైపు చూస్తున్నారు. సలోమి తల వంచుకుని చాప అంచు పీకుతోంది. ఆమె పక్కన పదో తరగతి చదివే కూతురు, అమ్మ మొహం వైపే చూస్తోంది.

ప్రార్థన అయ్యాక ఒక పెద్దాయన అడిగాడు. "ఏమ్మా సలోమీ, కొండకి పోయావా?"

"పోయానయ్యా."

"బొట్టు పెట్టుకున్నావా?"

"మొగాన బొట్టు ఉన్నమాట నిజమే."

అంతే. హాస్పిటల్ వాళ్ళు మాకిచ్చిన కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఏసోబు ఫ్లాస్కులన్నీ ఆటోలోంచి దించి, తుడిచి, వరసగా మెట్ల మీద పెట్టి తనూ పోయాడు. నేనేమో న్యాయం జరిగిందనుకున్నాను. ఆ రోజు జావ ఫ్లాస్కులు చేత్తో మోసుకుని నడుస్తుంటే చెయ్యి లాగేసింది, అది కూడా భక్తి లెక్కలో వేసుకున్నాను.

మూడు వారాలు అట్లా గడిచింది. సలోమి చర్చికి రాలేదు. ఆసుపత్రికీ రాలేదు. వార్డులో ప్రతి మంచం దగ్గరా ఒకటే ప్రశ్న, 'సలోమి రాలేదా?' అని. నకరికల్లు నుంచి వచ్చిన ఒకాయన జావ గ్లాసు నా చేతిలోంచి తీసుకోకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. సలోమికి అక్కడ అంతమంది ఉన్నారని నాకు తెలియదు. నేను వెళ్ళినప్పుడల్లా కళ్ళు మూసుకుని ఉంటాను కదా, ఎట్లా తెలుస్తుంది?

నాలుగో శుక్రవారం. మళ్ళీ ఉపవాస ప్రార్థన. మళ్ళీ నేనే, మంచి ఊపులో ఉన్నాను. గుమ్మం దగ్గర కర్ర టకటక చప్పుడు. ఎవరో లోపలికొచ్చారు. నేను కళ్ళు తెరవలేదు.

"ఏందమ్మా, అందరూ కళ్ళు మూసుకున్నారు? పట్టపగలు నిద్దరేంది? మా సలోమి యాడుందో చెప్పండి ముందు!"

కళ్ళు తెరిచాను. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ. నుదుటి నిండా విభూతి, ఒక కాలికి కట్టు, చేతిలో కర్ర, ఇంకో చేతిలో గోంగూర కట్టల సంచి. పేరు వెంకాయమ్మ, బెల్లంకొండ దగ్గర పల్లె. కాలికి కట్టు మార్పించుకోటానికి ఆసుపత్రికొస్తే సలోమి కనపడలేదట. ఎవరో మా చర్చి దారి చూపించారట.

"సలోమి రావట్లేదమ్మా," అన్నాను.

"ఎందుకు రావట్లా? జొరమా?"

ఎవరో ఒక కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కుర్చీలో కూలబడి తనే చెప్పుకుపోయింది.

"సుగరొచ్చి నా కాలి వేళ్ళు రెండు తీసేశారమ్మా. కొడుకు రాళ్ళ క్వారీ పనికి దూరం పోయాడు, రాలేకపోయాడు. కోడలికి పురుడు. ఆ పిల్ల రోజూ పొద్దున్నే వచ్చి నా కాలు శుభ్రం చేసి, పని టయానికి ఉరికేది. మళ్ళా సాయంత్రం వచ్చేది. నా కడుపున పుట్టినోళ్ళు చెయ్యలా ఆ సేవ."

రోజూ! మేం వెళ్ళేది శుక్రవారం ఒక్కరోజే. మిగతా రోజుల సంగతి లీడరుకి తెలియదు.

"ఈ కాలు నేల మీద పెడితే కొండకొస్తానని సామికి మొక్కుకున్నా. ఇంటికి పొమ్మన్న రోజు ఆ మాటే తలుచుకుని ఏడ్చా. కర్ర పట్టుకుని ఎట్టా పోను? అప్పుడు సలోమి, ఆ ఆటో పిల్లోడు, ఇద్దరూ కలిసి తీసకపోయారు. మెట్ల కాడ ఆ పిల్లోడు నన్ను వీపు మీద ఎక్కించుకున్నాడమ్మా! గుడి కాడ దించి, 'మేం లోపలికి రామమ్మా, మా పద్ధతి వేరు, నువ్వు నింపాదిగా దణ్ణం పెట్టుకునిరా' అని బయటే నిలబడ్డారు, ఎండలో. నేను బయటకొచ్చి నా చేత్తో ఆ పిల్లకి బొట్టు పెట్టా, ఆ పిల్లోడికి ఈబూది పెట్టా. ఇయ్యటానికి నా దగ్గర ఇంకేముంది? ఆ పిల్ల చెయ్యి నుదుటి దాకా పోయి ఆగింది. నా మొగం చూసి దించేసింది. నేను దిగిందాకా అట్టానే ఉంచుకుంది. ఆటోలో దాని ఒళ్ళోనే తల పెట్టుకుని పడుకున్నా."

ఆ దించిన పట్టా వెనక ఉన్నది ఈమె! నేను స్తంభం చాటున నిలబడ్డ చోటికి నాలుగడుగుల దూరంలో ఉంది.

హాల్లో అందరూ నన్ను చూస్తున్నారు. వెంకాయమ్మకి ఏం అర్థమైందో, "ఏందమ్మా, అది చేసింది తప్పా? తప్పయితే నాది. నన్ను తిట్టండి," అంది. అప్పుడు ఏడ్చాను. గట్టిగా ఏడ్చాను. ఆ ఏడుపు చూసి దీనమ్మత్త నా వీపు నిమరలేదు. అందరికీ కోపంగానే ఉంది.

ఆ సాయంత్రమే గోంగూర సంచి పట్టుకుని సలోమి ఇంటికెళ్ళాను. వాకిట్లో కూర్చుని గిన్నెలు తోముతోంది. లేవలేదు.

"వెంకాయమ్మ ఇచ్చింది," అని సంచి పెట్టాను.

"కాలెట్టా ఉందక్కా ఆమెకి?"

"బాగానే ఉంది. సలోమీ, నన్ను క్షమించవే. ఆ రోజు ఒక్క మాట చెప్పొచ్చుగా, సంగతి ఇదీ అని?"

ఆమె గిన్నె పక్కన పెట్టింది. "ఎట్టా చెప్పేదక్కా? నువ్వు నాతో మాట్లాడితే నేను బదులు చెప్తా. నువ్వు దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో నేనెట్టా అడ్డం వస్తా?"

మిషను మీద ఒక్కోసారి సూది వేలులో దిగుతుంది, ముందు నొప్పే తెలియదు. అట్లా అయింది.

"మరి మొదట అంత గట్టిగా ఆమెన్ అన్నావు?"

"ఎవరి గురించో అనుకున్నా. పాపం ఎవరో దారి తప్పారని నిజంగానే ప్రార్థన చేసుకున్నా. ఆటో అన్నాక తెలిసింది, నా గురించేనని." చేతులు కొంగుకి తుడుచుకుంది. "నేను పడతా అక్కా. ఎండుమిరపకాయల్లో పెరిగిన చేతులివి. నా కూతురు అడిగింది, 'అమ్మా, నువ్వు దొంగ భక్తి చేస్తన్నావా' అని. దానికేం చెప్పను?"

"నేను చెప్తా దానికి."

"దానికొక్కదానికి చెప్తే ఏం లాభం? విన్నోళ్ళందరికీ చెప్పు."

అదీ సంగతి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను పిలిచి మైకు ఇచ్చారు. సలోమి కూతురితో చివరి వరసలో కూర్చుంది. నేను బతిమాలితే వచ్చింది. ఏసోబు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మైకు పట్టుకోగానే కీచుమంది. చర్చి నిండా జనం. అలవాటు ఎక్కడికి పోతుంది? గభాల్న కళ్ళు మూసుకున్నాను.

'ప్రేమగల తండ్రీ! నీ దాసురాలు తొందరపాటులో ఒక సహోదరిని, ఒక సహోదరుణ్ణి...'

చర్చి అంతా తలలు వంచేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరూ నన్ను చూడట్లేదు, నేను ఎవర్నీ చూడట్లేదు, క్షమాపణ సాఫీగా జరిగిపోతోంది. ఆయన దయామయుడు, ఎట్లాగూ క్షమిస్తాడు. ఇంతలో ముందు వరసలోంచి దీనమ్మత్త గొంతు.

"ఏమే ఎస్తేరూ! దేవుడికి తెలుసులే నువ్వేం చేశావో. కళ్ళు తెరిచి మాకు చెప్పు!"

చర్చి ఒక్కసారి గొల్లున నవ్వింది. పాస్టరుగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. కళ్ళు తెరిచాను. తెరిచాక నవ్వులు ఆగిపోయాయి. ఎదురుగా, చివరి వరసలో, సలోమి కూతురు నన్నే చూస్తోంది. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ మాట్లాడటం ఎంత కష్టమో మీకు చెప్పలేను.

"సలోమీ, ఏసోబూ," అన్నాను. "నేను కళ్ళతో చూసింది నిజం. మనసులో అనుకున్నది అబద్ధం. మిమ్మల్ని అడగకుండా ఊరందరికీ చెప్పాను. చాడీ చెప్పి దానికి ప్రార్థన అని పేరు పెట్టాను. మీరు ఒక ముసలమ్మని మోశారు. నేను ఆ ముసలమ్మ పేరు కూడా తెలుసుకోలేదు. నన్ను క్షమించండి." తర్వాత ఆ పిల్ల పేరు పెట్టి పిలిచాను. "మీ అమ్మది దొంగ భక్తి కాదమ్మా. ఆ మాట నా వల్ల పుట్టింది. నేనే వెనక్కి తీసుకుంటున్నా."

ఏసోబు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. సలోమి లేచి నిలబడింది.

"క్షమించాన్లే అక్కా," అంది. "కానీ ఒక షరతు. రెండు నెలలు వార్డులో ప్రార్థన నువ్వు చెయ్యొద్దు. నాతోపాటు మంచం పక్కన కూర్చో. అంతే."

అందరూ ఆమెన్ అన్నారు. అంత గట్టి ఆమెన్ నా ప్రార్థనలకి ఎన్నడూ రాలేదు!

వాళ్ళు కొండకి వెళ్ళొచ్చా, ఆ బొట్టు ఉంచుకోవచ్చా అని మా సంఘంలో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. పెద్దాయన ఇంకా తల అడ్డంగానే ఊపుతున్నాడు. పెద్దవాళ్ళు తేల్చుకుంటారు. నా తప్పు మాత్రం అందులో లేదు. నా తప్పు అడక్కపోవటంలో ఉంది.

నిన్న శుక్రవారం ఏసోబు ఆటో మా కొట్టు ముందు ఆపి, "ఎక్కక్కా," అన్నాడు. ఇన్నేళ్ళలో అతను నాతో అన్న మొదటి మాట అదేనేమో. ఆడవాళ్ళ వార్డులో ఒక పెద్దామె మంచం పక్కన కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. చివరికి, "ఏ ఊరమ్మా మీది? పిల్లలెంతమంది?" అని అడిగాను. ఆమె చెప్పటం మొదలుపెట్టింది. ఊరు, పొలం, చచ్చిపోయిన గేదె, అలిగిన అల్లుడు. జావ చల్లారిపోయింది, నేను వింటూనే ఉన్నాను.

నేల తుడుస్తున్న ఆయమ్మ, ఎన్నో ఏళ్ళుగా ఆ వార్డులోనే పనిచేసే మనిషి, మా దగ్గర ఆగిపోయింది. కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు నన్నే చూసింది. తర్వాత సలోమి వైపు తిరిగి అడిగింది.

"ఏమ్మా సలోమీ, ఈమెకి మామూలుగా మాట్లాడటం కూడా వచ్చా?"

సలోమి ఏదో సర్దిచెప్పబోయింది. నేనే ముందు అన్నాను.

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటన్నా తల్లీ. తప్పులుంటే చెప్పు."